వార్డు మనిషి

మే 27, మధ్యాహ్నం
కళ్ళద్దాల కొట్టు నుంచి

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమంగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, మరదలూ, పాపా కూడా అలాగే ఉన్నారని అనుకుంటున్నాను. అనుకోవడమే తప్ప తెలుసుకునే దారి లేదు కదా! ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటావు. మీటింగ్ అయ్యుంటుందని ఆగి చేస్తే, ఇప్పుడే కన్నంటుకుంది వదినా, లేపమంటారా అంటుంది మరదలు. లేపమని అనలేను గదా. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరంతో మీటింగ్‌లో ఉన్నానని చెప్పడం కుదరదు. నవ్వుకుంటే నవ్వుకో, కానీ చివరిదాకా చదువు.

ముందు ఇంటి కబుర్లు. అమ్మకి మోకాళ్ళ నొప్పులూ తగ్గలేదు, పంతమూ తగ్గలేదు. మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పాడని రోజూ ఒకసారి డాబా మెట్లెక్కి దిగి, చూశావా ఏమీ కాలేదు అంటోంది. ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా అన్నేళ్ళు చేశాక ఆవిడకి డాక్టర్లంటే బొత్తిగా భయం పోయింది. నాకు కొట్లో ఊపిరి సలపని పని. బడులు తెరిచే రోజులొస్తే చాలు, ఊళ్ళో పిల్లలందరికీ ఒకేసారి నల్లబల్ల కనపడటం మానేస్తుంది.

ఇక మన ముందుగది సంగతి. నువ్వు కౌన్సిలర్‌వి అయిన దగ్గర్నుంచి అది రెండో మున్సిపల్ ఆఫీసు అయిపోయిందని నీకు తెలుసు. సాయంత్రమయ్యేసరికి ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. నీ చెవిన వెయ్యాల్సిన మాట అమ్మ చెవిన వేసి పోతారు. ఆవిడ ఏదీ రాసుకోదు. ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో దాన్నిబట్టి గుర్తుపెట్టుకుంటుంది. ఆదివారం నువ్వు భోజనానికి వచ్చినప్పుడు ఖాళీ కుర్చీల్ని చూపిస్తూ అన్నీ అప్పజెప్పేది. కిటికీ పక్క కుర్చీ వీధి దీపం వెలగట్లేదంటోంది నాయనా, తలుపు పక్క కుర్చీ మురుక్కాలవ సంగతేం చేశావంటోంది, అని. నువ్వు కంచం ముందు కూర్చుని కుర్చీలకి జవాబులు చెప్పేవాడివి. సోమవారానికల్లా అమ్మ ఆ జవాబుల్ని మనుషులకి చేరవేసేది. మనకది నవ్వులాటగా ఉండేది. నిజం చెప్పాలంటే మన వీధి నుంచి మీ ఆఫీసులోకి ఉన్న దారి అదొక్కటే, తమ్ముడూ.

ఎందుకంటావా? మీ సభ జరిగేటప్పుడు తలుపులు మూసేస్తారు. ఏం నిర్ణయించామో నోటీసు పెడతాం కదా అంటారు. ఆ నోటీసేదో చూద్దామని మొన్న చలికాలంలో నేనే వెళ్ళాను. పెట్టారు, పెట్టలేదనను. లోపలి గోడకి, తలుపు బార్లా తెరిస్తే వెళ్ళి ఆనుకుంటుందే, సరిగ్గా అక్కడ అంటించారు. ఆఫీసు నడిచినంతసేపూ తలుపు తెరిచే ఉంటుంది, నోటీసు దాని వెనకే ఉంటుంది. ఆఫీసు మూశాక తలుపు పడుతుంది, అప్పుడు చదవడానికి లోపల ఎవరూ ఉండరు. నేను తలుపు సందులో దూరి, మెడ వంకర పెట్టుకుని చదువుతుంటే గుమాస్తా వచ్చి ఏం పోగొట్టుకున్నారమ్మా అని అడిగాడు. నా ఓటు అన్నాను. అతనికి అర్థం కాలేదు, నేనూ విడమరచి చెప్పలేదు.

రైల్వే గేటు మూసేసి అండర్‌పాస్ తవ్వుతున్నామని ఉంది ఆ నోటీసులో. నేను చదివే వేళకి గొయ్యి సగం తవ్వేశారు.

అక్కడ నీళ్ళు నిలుస్తాయని మన వీధిలో ఎవర్నడిగినా చెప్పేవాళ్ళు. ఎవర్నీ అడగలేదు, అంతే. వాన పడితే ఆ పల్లం నిండేదని నీకు మాత్రం తెలియదా? మనం బడి ఎగ్గొట్టింది ఆ నీళ్ళ వంకతోనే కదా! మరి సభలో నోరు విప్పలేదేం? అమ్మ అడిగితే, అవన్నీ ఇంజినీర్లు చూసుకుంటారని చైర్మన్‌గారు చెప్పారు, పంపు తర్వాత పెడతారట అన్నావట. మొన్న పడింది వాన కూడా కాదు, ఓ జల్లు. మోకాళ్ళదాకా నీళ్ళు. పంక్చర్ బాబాయి తన కొట్టు కట్టేసి నీళ్ళలో ఆగిపోయిన స్కూటర్లు బయటికి లాగుతూ కూర్చున్నాడు. ఇక ట్యూబులకి అతుకులెయ్యడం మానేసి గాలి కొట్టి పడవల్లా అద్దెకిస్తానని అన్నాడు. అందరూ నవ్వారు. ఎండాకాలంలోనే ఇట్లా ఉంటే అసలు వానల్లో ఏమవుతుంది అని ఆ నవ్వు అయిపోయాక అడిగింది స్కూలు టీచరమ్మ.

గేటు మూసిన దగ్గర్నుంచీ నువ్వు ఆదివారాలు రావడం మానేశావు. ఆఫీసుకి దగ్గరని పట్టాల అవతలికి ఇల్లు మారావు, సరే. ముఖం చాటెయ్యడం దేనికి? అమ్మ నీకోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది, పైగా నిన్నే వెనకేసుకొస్తోంది. పని ఒత్తిడిలో ఉన్నాడు, వాడు ఊరంతటినీ చూసుకోవాలి గదా అంటోంది. వచ్చినవాళ్ళకి ఏం జవాబు చెప్పాలో తెలియక కుర్చీల మీద దుమ్ము దులుపుతూ కూర్చుంటోంది. నాకది చూస్తే ఒళ్ళు మండుతోంది.

వచ్చే ఆదివారం రా. వచ్చి జనానికి ఎదురుగా కూర్చో. తిడితే నాలుగు మాటలు పడు, ఏం పోతుంది? లేదంటే సభ తలుపు తెరిపించు, వాళ్ళే వచ్చి అడుగుతారు. గేటు కనీసం ఈ వానాకాలం వరకైనా తెరిచి ఉంచమని అడగడం, పంపు ఎప్పుడు పెడతారని అడగడం, ఈ రెండే వాళ్ళ కోరిక. కానిదైతే కాదని చెప్పు. చెప్పకుండా ఉండటమే మనుషుల్ని చంపుతుంది.

పాపకి ముద్దులు. కళ్ళద్దాల ఫ్రేము వదులైందని మరదలు అంది, కొట్టుకి పంపిస్తే బిగించి ఇస్తాను.

ప్రేమతో,
నీ మీద కోపంతో కూడా,
అక్క


ఆగస్టు 19
ఇంటి నుంచి

తమ్ముడికి,

ఉత్తరం మొదట్లో ఇక్కడ అందరం క్షేమం అని రాయడం అలవాటు. ఆ మాట రాయబోయి చెయ్యి ఆగిపోయింది. నువ్వు క్షేమంగా ఉండాలి, అది మాత్రం రాయగలను.

నువ్వు పంపిన మనిషి అయిదు రోజుల కిందట కొట్టుకి వచ్చాడు. శిలాఫలకం నమూనా నా బల్ల మీద పరిచాడు. మున్సిపాలిటీవాళ్ళు అండర్‌పాస్‌కి అమ్మ పేరు పెడుతున్నారట. నల్లరాతి మీద బంగారు అక్షరాలట. పేరు ముందు సేవామూర్తి అని ఉంటుందట. ఆయా ఉద్యోగం చేసిన ఆసుపత్రిలో అమ్మ రిటైరైన రోజున తీసిన ఫొటో ఎక్కడ సంపాదించారో గానీ బాగానే సంపాదించారు. ప్రారంభం రోజున నేను వేదిక మీద నీ పక్కన కూర్చోవాలని చైర్మన్‌గారు మరీ మరీ చెప్పమన్నారట. రంగు నచ్చిందా మేడం అని అడిగాడు అతను. పాపం కుర్రాడు, రంగు అడగడమే అతని పని.

అమ్మ ప్రాణం తీసిన గొయ్యికి అమ్మ పేరా, తమ్ముడూ? ఈ ఆలోచన ఎవరికి వచ్చింది? నీకు వచ్చిందంటే మాత్రం నాకు చెప్పకు.

ఆ రోజు సంగతి నువ్వూ నేనూ ఇంతవరకు కూర్చుని మాట్లాడుకోలేదు. నలుగురిలో ఏడ్చాం, తర్వాత నువ్వు నీ ఇంటికి, నేను ఈ ఇంటికి. అందుకని ఇప్పుడు రాస్తున్నాను. కష్టమైనా చదువు.

ఆ బుధవారం మోకాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తానని పక్కింటావిడకి చెప్పి మధ్యాహ్నం ఇంటికి తాళం పెట్టిందట. అప్పటికి మబ్బు పట్టింది గానీ వాన లేదు. అండర్‌పాస్ పొడిగానే ఉంది. అందులోంచి పట్టాల అవతలికి వెళ్ళి, అటువైపున్న మా కొట్టు ముందు నుంచే నడిచి ఉంటుంది. వేరే దారి లేదు. నేను తల ఎత్తలేదు. తల ఎత్తి ఉంటే కూర్చోబెట్టి టీ ఇచ్చి, వాన వెలిశాక నేనే తీసుకెళ్ళేదాన్ని. ఈ మాట రోజూ అనుకుంటున్నాను, రోజూ అనుకుని ఏం లాభం.

తిరిగి వచ్చేటప్పటికి వాన విరుచుకుపడింది. అటు రోడ్డు నీళ్ళూ ఇటు రోడ్డు నీళ్ళూ ఆ పల్లంలోకే కదా పోవాలి. ఆవిడ పక్కనున్న నడక దారిలో రెయిలింగ్ పట్టుకుని దిగింది. కాళ్ళు తడవకుండా దాటేయొచ్చు అనుకుని ఉంటుంది. మధ్యకి వచ్చేసరికి దీపాలు ఆరిపోయాయి. ఒక వ్యాను అడ్డంగా ఆగిపోయి ఉండటంతో అవతలి గట్టున ఉన్నవాళ్ళకి లోపల మనిషి ఉందని తెలియలేదు. కేక విన్నది పంక్చర్ బాబాయి. లారీ తాడు నడుముకి కట్టుకుని దూకాడు. అతను బయటికి తెచ్చేసరికి అమ్మ చెయ్యి ఇంకా బిగుసుకునే ఉంది, రెయిలింగ్ పట్టుకున్నట్టే. ఆ వేళ్ళని విడదీసింది నేనే. నువ్వు వచ్చేసరికి మామూలుగా ఉన్నాయి, అందుకే నీకు తెలియదు.

నాకూ కేకలు వినపడ్డాయి, తమ్ముడూ. మళ్ళీ ఎవరి బండో ఆగిపోయిందనుకున్నాను. ఆ అండర్‌పాస్ దగ్గర కేకలు మాకందరికీ అలవాటైపోయాయి.

తర్వాత మీ ఆఫీసు ఇచ్చిన ప్రకటన చూశాను. నీటి లోతును అంచనా వేయలేక వృద్ధురాలు ప్రమాదవశాత్తూ మరణించింది అని. గొయ్యిది తప్పు కాదు, పెట్టని పంపుది తప్పు కాదు, అంచనా వెయ్యని అమ్మది తప్పు! ఆ ప్రకటన కింద నీ సంతకం లేదని నాకు తెలుసు. వద్దని అన్నావా అన్నది నాకు తెలియాలి.

సోమవారం మీ సభ ఉందని, అందులో రెండు విషయాలు తేలుస్తారని నీ మనిషే చెప్పాడు. ఒకటి అమ్మ పేరు. రెండోది ఆ పాత గేటు దగ్గర ఇటూ అటూ గోడ కట్టేయడం. గేటుకి అడ్డంగా కట్టిన గొలుసు కింద నుంచి జనం దూరి పట్టాలు దాటుతున్నారట, అది ప్రమాదమట. ఎందుకు దూరుతున్నారో మీ సభలో ఎవరైనా అడిగారా? వాన చినుకు పడగానే వీధిలో ఒక్క మనిషి ఆ గొయ్యిలోకి దిగట్లేదు. టీచరమ్మ పిల్లల్ని వరసగా నిలబెట్టి, రైలు చూసుకుని, గొలుసు కింద నుంచి దాటిస్తోంది. వాళ్ళకి ఒక పక్క రైలు భయం, ఒక పక్క నీళ్ళ భయం. గోడ కట్టేస్తే ఇక నీళ్ళ భయమొక్కటే మిగులుతుంది. వానలు ఇంకా సగం కూడా అవలేదు. పంపు మాత్రం పరిశీలనలో ఉందట. నిమ్మకి నీరెత్తినట్టు ఎలా కూర్చుంటారయ్యా మీరంతా?

నాకు నీ నుంచి కావాల్సింది ఒక్కటే. తన వార్డు పని అయితే, మా వాళ్ళ మాట విన్నాకే దీన్ని తేల్చాలి అని ఆ వార్డు సభ్యుడు లేచి అడిగితే సభ ఆగాల్సిందేనని గెలిచిన కొత్తలో నువ్వే గొప్పగా చెప్పావు. ఆ హక్కు నీకుంది. సోమవారం లేచి ఆ మాట అను. గోడ విషయం మన స్కూలు హాల్లో, తలుపులన్నీ తెరిచి, మైకు జనం చేతికిచ్చి తేల్చండి. ఇంజినీర్లని కూడా పిలవండి, మేమేం వాళ్ళని కొరుక్కుతినం. పంపు ఎందుకు ఆగిందో, ఎవరు ఆపారో నోటితో చెప్పండి. విన్నాక కూడా గోడే మంచిదని నలుగురూ అంటే కట్టుకోండి, నేను మాట్లాడను. కానీ వినకుండా కట్టొద్దు. ఒకసారి వినకుండా తవ్వినందుకు ఏం పోయిందో నీకూ నాకూ తెలిసినంతగా ఆ సభలో ఇంకెవరికీ తెలియదు.

నువ్వు లేస్తే చైర్మన్‌గారికి కోపం వస్తుంది. వచ్చే ఎన్నికలకి టిక్కెట్టు రాదు. నువ్వు ఇల్లు మారింది, ఆదివారాలు మానేసింది, నోరు మూసుకుంది అంతా ఆ టిక్కెట్టు కోసమేనని నాకు తెలియదనుకోకు. నిన్ను అడుగుతున్నది చిన్న విషయం కాదని తెలిసే అడుగుతున్నాను.

వీధిలోవాళ్ళు నిన్ను తిట్టట్లేదు. తిడితే బాగుండేది. అమ్మని పోగొట్టుకున్నవాణ్ణి ఏమంటాం అని వాళ్ళే నోరు నొక్కుకుంటున్నారు. సాయంత్రాలు ఇప్పటికీ ఒకరిద్దరు వచ్చి కూర్చుంటారు. పంక్చర్ బాబాయి అయితే రోజూ వస్తాడు. మంచినీళ్ళు తాగి, ఇంకాస్త ముందు వినపడి ఉంటేనమ్మా అంటాడు, లేచి వెళ్ళిపోతాడు. అతనికి ఏం చెప్పాలో నాకు తెలియట్లేదు. నువ్వు వచ్చి చెప్పు.

వేదిక మీదికి నేను రాను. స్కూలు హాల్లో సభ పెడితే మాత్రం అందరికంటే ముందు వచ్చి కింద కూర్చుంటాను. ఫలకం సంగతి అప్పుడు నేనే మైకులో చెబుతాను.

జాగ్రత్త. వేళకి తిను. పాపని వాన రోజుల్లో ఆ వైపు పంపించకు.

నీ అక్క

తా.క.: సంతకం పెట్టేశాను గానీ కవరు అంటించలేకపోయాను. ఇది నీకు చెప్పకూడదని నాలుగు రోజుల నుంచీ నన్ను నేను కట్టేసుకుంటున్నాను. నీ మేలు కోరి దాస్తున్నాననుకున్నాను. మీ ఆఫీసువాళ్ళు కూడా మా మేలు కోరే దాస్తున్నామంటారు కదా, అందుకని చెప్పేస్తున్నాను.

అమ్మ ఆ రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. డాక్టరు బుధవారం ఉండడు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టాలి, తట్టలేదు.

మీ ఆఫీసులో కొత్తగా చేరిన అటెండర్ కళ్ళజోడు కాడ విరిగిందని మా కొట్టుకి వచ్చాడు. నేను నీ అక్కనని తెలిసి అక్కడే కూలబడి ఏడ్చాడు. ఫలకం కోసం ఆఫీసుకి ఫొటో వచ్చాక గానీ ఆవిడెవరో అతనికి తెలియలేదట. నీతో చెప్పే ధైర్యం లేక నాతో చెప్పాడు.

సభకి ఎవరైనా రావచ్చమ్మా, ఎవరొద్దన్నారు అని ఆ ముందు రోజు ఫోన్లో అమ్మతో అన్నావట. మాట తప్పించడానికి అని ఉంటావు. ఆవిడ నమ్మింది. పంపు సంగతి అడగడానికి మీ సభకి వచ్చింది. తలుపు మూసి ఉంటే బయట బెంచీ మీద కూర్చుందట. మీరెవరమ్మా అని అడిగితే వార్డు మనిషిని బాబూ అందట. లోపల మీవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, పంపిస్తాను అన్నాడట. మావాళ్ళున్నారని నేనొక్కదాన్నీ లోపలికొస్తే మా వీధివాళ్ళ సంగతేంటి, వార్డు నుంచి ఒక మనిషి వచ్చిందని చెప్పు చాలు అని నవ్విందట.

అతను వచ్చి నీ పక్కన నిలబడి, మీ వార్డు నుంచి ఎవరో పెద్దావిడ వచ్చారండీ, పంపు గురించి అడుగుతున్నారు అన్నాడట. నువ్వు కాగితాల్లోంచి తల ఎత్తకుండా, సభ జరుగుతుంటే ఎవర్నీ రానివ్వొద్దన్నానా, వానొచ్చేలా ఉంది, ఇంటికెళ్ళిపొమ్మను అన్నావట.

నీ మాట బయటికి వినపడిందా అని అడిగాను. వినపడిందన్నాడు. అతను వచ్చి చెప్పేలోపే అమ్మ లేచి నిలబడి ఉందట.

ఆ అటెండర్‌ని ఏమీ అనకు. నువ్వు చెప్పమన్నదే చెప్పాడు.